రాతి వంతెన కింద కాగితపు ఇల్లు

హారో ఫెడర్సన్ బంగాళాదుంపలు తూచే కాటాను పడవల కొట్టంలోకి తోసుకొచ్చినప్పుడు, దాని మీద తూగబోయేది తామేనని అక్కడున్న వాళ్ళలో ఎవరికీ తెలియదు.

టెల్సె అయితే తలెత్తి కూడా చూడలేదు. ఆమె పెదవుల మధ్య చిన్న మేకులున్నాయి, చేతిలో మైనపు కాగితం ఉంది. ఆ కాగితాన్ని సన్నని చెక్క బద్దల మీద బిగించి లాగాలి. ఎక్కువ లాగితే చిరుగుతుంది. తక్కువ లాగితే, లోపల దీపం పెట్టగానే ముడతలన్నీ బయటపడతాయి. లాగింది, బొటనవేలితో తట్టి చూసింది. చిన్న డప్పులా పలికింది. అప్పుడు పెదవుల మధ్య నుంచి ఒక మేకు తీసి కొట్టింది.

కొట్టం మధ్యలో, ఒకప్పుడు ఎండుగడ్డి మోసిన చదును పడవ మీద ఒక ఇల్లు లేచి నిలబడుతోంది. అటూ ఇటూ మెట్లు మెట్లుగా పైకి వెళ్ళి కొసన కలిసే నెత్తిగోడ, చిన్న కిటికీలు, నెత్తిగోడ కొసన గులాబీ గుర్తు. మతం పట్టింపుతో హాలండులో ఉండనివ్వకపోతే తరలి వచ్చినవాళ్ళు ఈ ఫ్రీడ్రిష్‌స్టాట్‌లో కట్టుకున్న మొదటి ఇంటికి నమూనా అన్నమాట. వచ్చే శనివారం సాయంత్రం ఊళ్ళో వీధికో పడవ, దీపాలు పెట్టుకుని కాలువల్లో ఊరేగుతుంది. కిందటేడు బహుమతి సంత వీధివాళ్ళు కొట్టేశారు, మెడ ఊపే హంసతో. ఆ హంస మెడ హారో గొంతులో ఇంకా అడ్డం పడే ఉంది.

"మొయిన్!" అన్నాడు హారో, అందరికీ కలిపి. పొద్దునైనా సాయంత్రమైనా మావాళ్ళకి పలకరింపు ఆ ఒక్క మాటే. "టెల్సె, వంతెన కొలత తెచ్చావా?"

టెల్సె గోడకి ఆనించిన పొడుగాటి బద్దను గడ్డంతో చూపించింది. ఆ పొద్దున్నే ఆమె, ఆమె భర్త నామెన్ చిన్న పడవలో రాతి వంతెన కిందికి వెళ్ళి కొలిచి వచ్చారు. నీటి నుంచి వంపు నడినెత్తి దాకా బద్ద నిలబెట్టి, సుద్దముక్కతో గీత గీశారు. నామెన్ గీస్తుంటే పడవ ఊగి అతని టోపీ నీళ్ళలో పడింది. కాలువలో నాచు కోసే మరపడవ తిరుగుతోంది కాబట్టి టోపీ నాచుతో సహా గట్టెక్కింది.

హారో బద్దను కాగితపు ఇంటి పక్కన నిలబెట్టాడు. ముప్పై ఏళ్ళు ఊళ్ళో ఇళ్ళకి పైకప్పులు వేసిన మనిషి. ఒక కన్ను మూసి చూశాడు.

"అరచెయ్యి సందు ఉంటుంది. చాలు. ఇల్లు ఎంత ఎత్తుంటే అంత దూరం కనిపిస్తుంది. ఇప్పుడు అసలు సంగతి." వంగి, పడవ అంచున వరసగా కట్టిన చిన్న దీపాలను చూపించాడు. "ఈ కింది వరస నీళ్ళకి ఇంత పైన ఉండాలి. అప్పుడే ఒక దీపానికి రెండు దీపాలు కనబడతాయి, పైన ఒకటి, నీళ్ళలో ఒకటి. పడవ కిందికి దిగితే దీపాలు మునుగుతాయి. కాబట్టి ఎవరెక్కుతారో తూకం ప్రకారం చూద్దాం."

"మనుషుల్నా?" అన్నారు లోరెంజన్ అన్నదమ్ములు ఒకేసారి. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడినా ఒకేసారి మాట్లాడతారు. గడకర్ర వేసేది వాళ్ళే.

"మరి బంగాళాదుంపల్నా? ఇందులో మనసుకి తీసుకోవాల్సింది ఏమీ లేదు. లెక్క, అంతే."

ముందు హైన్‌కె అత్త ఎక్కింది. హారోకి మేనత్త, కానీ వీధి మొత్తం ఆమెను అత్తా అనే పిలుస్తుంది. ఎనభై దాటాయి. చేతికర్రతో సహా కాటా ఎక్కి నిలబడింది.

"కర్ర కింద పెట్టు అత్తా."

"కర్ర లేకుండా నేను పడవ ఎక్కనురా. దాన్నీ తూచు."

అందరూ నవ్వారు. కర్రతో కలిపినా ఒక బస్తా కూడా రాలేదు. తరవాత ఇమ్కె ఎక్కింది. కీల్ నుంచి వచ్చి కిందటి చలికాలంలోనే వీధిలో ఇల్లు కొనుక్కున్న పిల్ల. రోజూ కాలవగట్టున పరిగెత్తుతుంది. కాటా ఆమెను గుర్తించిందో లేదో అన్నట్టు కాస్త కదిలి ఊరుకుంది.

"నువ్వు, టెల్సె," అన్నాడు హారో.

టెల్సె పెదవుల మధ్య మేకులు తీసి జేబులో వేసుకుంది. ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుంది. ఆమె పెద్ద మనిషి. అది ఆమెకి తెలుసు, ఊరికీ తెలుసు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా ఇన్నేళ్ళు గడిచిపోయింది. కాటా ఎక్కింది. హారో చిన్న రాయి జరిపాడు. చాల్లేదు. పెద్ద రాయి వేశాడు. కడ్డీ లేవలేదు. ఇంకోటి వేశాడు. ఇనుము మీద ఇనుము పడ్డ ఆ చప్పుడు కొట్టంలో అందరికీ వినిపించింది. లోరెంజన్ అన్నదమ్ములు ఒకేసారి నేల చూశారు.

హారో అంకె చెప్పలేదు. చెబితేనే బాగుండేది. దగ్గాడు.

"ఈసారి నువ్వు ఒడ్డు మీంచి చూడు టెల్సె. అసలు ఒడ్డు మీంచే బాగుంటుంది. చుక్కాని ఇమ్కె పడుతుంది."

"ఆమె ఎప్పుడైనా చుక్కాని పట్టిందా?"

"కీల్ పిల్ల. సముద్రం పక్కన పుట్టింది."

"నేను దంతవైద్యుడి దగ్గర రిసెప్షన్‌లో పనిచేశానండీ," అంది ఇమ్కె, మొహం ఎర్రబడగా. "హారో గారూ, టెల్సె గారే పట్టనివ్వండి, నేను..."

"లెక్క, అంతే," అన్నాడు హారో.

టెల్సె కాటా దిగింది. మేకులు మళ్ళీ పెదవుల మధ్య పెట్టుకుంది. పెదవులు మూసుకోవడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు. మిగిలిన కాగితమంతా బిగించింది, ఒక్క ముడత లేకుండా. ఆరోజు చివరి మేకు కొట్టి, సుత్తిని దాని చోట తగిలించి, ఇంటికి నడిచింది.

*

"అన్ని రాళ్ళు వేశాడా?" అన్నాడు నామెన్. పోస్టుమాన్‌గా చేసి రిటైరైన మనిషి. సైకిల్ మీద ఉత్తరాలు పంచి పంచి ఒంట్లో ఎముకలు, నవ్వు తప్ప ఏమీ మిగల్లేదు.

"నువ్వు కూడా మొదలెట్టకు."

"నేనేమన్నాను? నన్ను తూచుంటే రాయి కాదు, నన్ను పట్టి ఉంచడానికి దారం కావాల్సొచ్చేది."

టెల్సె కర్టెన్ గుడ్డను కుట్టుమిషను కింద తోసి చక్రం తిప్పింది. ఊళ్ళో సగం కిటికీలకి ఆమె కుట్టిన తెరలే. గుడ్డ పరుగెత్తింది, సూది టకటకలాడింది.

"పన్నెండేళ్ళుగా ఆ చుక్కాని నాది. నీళ్ళలోంచి ఊరు వేరుగా కనబడుతుంది నామెన్. ఇళ్ళన్నీ వంగి చూస్తున్నట్టుంటాయి. వంతెన కిందికి వెళ్ళగానే అందరూ తలలు వంచుతారు, మాటలు ఆపేస్తారు, రాతిని చేత్తో తాకుతారు. ఎవరూ చెప్పరు, అందరూ తాకుతారు. అది నాకు ఏడాదికి ఒక్కసారి వచ్చేది."

నామెన్ ఈసారి జోకు వెయ్యలేదు. టీ కెటిల్ తెచ్చి, ఆమె కప్పులో కలకండ ముక్క వేసి, దాని మీద టీ పోశాడు. కలకండ చిట్లిన చప్పుడు ఇద్దరూ విన్నారు.

"మన ఊరు గురించి ఆ హారో పర్యాటకులకి ఏం చెబుతాడో ఎప్పుడైనా విన్నావా?" అంది. "ఎవరు ఏ దేవుడికి మొక్కుతారో అడక్కుండా అందరికీ చోటిచ్చిన ఊరు అంటాడు. ఛాతీ ఇంత చేసుకుని చెబుతాడు. చోటిచ్చేటప్పుడు ఈ ఊరు కట్టించిన ఆ డ్యూకుగారు గుమ్మం దగ్గర కాటా పెట్టుకుని కూచోలేదు కదా?"

తలుపు తట్టిన చప్పుడైంది. ఇమ్కె. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కేకు. ఒక పక్క కూలిపోయింది, ఇంకో పక్క మాడింది.

"మొయిన్," అంది, ఆ మాట ఇంకా సరిగ్గా అలవాటు పడని గొంతుతో. "టెల్సె గారూ, నేను అడగలేదండీ ఆ చోటు. నిజంగా."

"తెలుసు. కూచో."

"మానేస్తానని చెప్పాను. ఆయన వినట్లేదు. లెక్క అంటాడు."

"వాడికి లెక్క కాదు, హంస," అన్నాడు నామెన్.

ఇమ్కె కుర్చీ అంచున కూచుంది. "పోనీ, ఎలా పట్టాలో చెప్పండి. లేకపోతే గోడకి గుద్దేస్తాను."

టెల్సె ఆ పిల్ల చేతులు చూసింది. సన్నని చేతులు, కేకు పిండి ఇంకా గోళ్ళలో ఉంది. కోపం తెచ్చుకుందామనుకుంది. రాలేదు. అదే ఎక్కువ కోపం తెప్పించింది.

బల్ల మీది రొట్టెలు వత్తే కర్ర తీసి ఆమె చేతికిచ్చింది. "ఇది చుక్కాని. ఎటు వెళ్ళాలో దానికి ఎదురు వైపు తొయ్యాలి. తోశాక వెంటనే తిరగదు. ఓపిక పట్టు. తిరగట్లేదని ఇంకా తోస్తే ఆ తరవాత ఆగదు. చదును పడవ మొండి గేదె లాంటిది, ఆలస్యంగా వింటుంది."

ఇమ్కె వంటింట్లో కూచుని కర్రను అటూ ఇటూ తోసింది. నామెన్ చేతులు చాచి పడవలా ఊగుతూ, ప్రతిసారీ ఆలస్యంగా తిరిగాడు. ఒకసారి వెళ్ళి అల్మారాకి తగిలాడు. ముగ్గురూ నవ్వారు. కేకు కూడా తిన్నారు, కూలిన పక్క ముందు.

ఆ రాత్రే పడమటి గాలి మొదలైంది.

*

ఊరికి రెండు నీళ్ళున్నాయి. బయట ఐడర్ నది, లోపల కాలువలు. నదిది సముద్రం బుద్ధి, ఆటుపోట్లతో రోజుకి రెండుసార్లు మనసు మార్చుకుంటుంది. కాలువలు మాత్రం తూము చాటున, పళ్ళెంలో పోసిన టీలా కదలకుండా ఉంటాయి. ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ కాలువ నీటిమట్టం గురించి ఆలోచించరు. తమ ఇంటి నేల ఎత్తెంత అని ఎవరైనా రోజూ కొలుచుకుంటారా?

కానీ ఆ వారం గాలి పడమటి నుంచి వదలకుండా కొట్టింది. వానా పడింది. గాలి సముద్రాన్ని నదిలోకి నెట్టి, నదిని తగ్గనివ్వలేదు. బయటి నీళ్ళు తగ్గితేనే లోపలివి వదలగలరు. తూము మూసే ఉంది. పొలాల నీళ్ళన్నీ వచ్చి ఆ పళ్ళెంలోనే చేరాయి.

శనివారానికి వాన వెలిసింది. సూర్యుడు ఏమీ ఎరగనట్టు బయటికొచ్చాడు. కాలవగట్టున బల్లలు వేశారు, హెర్రింగ్ చేప పెట్టిన రొట్టెలు, ప్లమ్ జామూ మీగడా పొరలు వేసిన కేకు, రమ్ము కలిపి పైన మీగడ కప్పిన కాఫీ. బాండు మేళం వాళ్ళు ఇంకా వాయించకుండానే తాగడం మొదలుపెట్టారు.

టెల్సె తన కేకు ముక్క తీసుకుని మెట్ల దగ్గర బెంచీ మీద కూచుంది. చెంచాతో ఒక కొస తుంచి నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.

పడవలు కట్టే ఇనపకడియాలు గోడకి వరసగా ఉండాలి. ఒక్కటీ కనబడలేదు.

వంగి చూసింది. ఉన్నాయి, నీళ్ళ కింద, ఆకుపచ్చగా వణుకుతూ. వంతెన కొలిచిన పొద్దున ఆమె తన చిన్న పడవను అలాంటి కడియానికే కట్టింది. చెయ్యి పైకెత్తి కట్టింది. ఆ రోజు నాచు కోయడానికి నీళ్ళు బాగా కిందికి దించారు. ఆ సంగతి తెలిసినా, అది కొలతకి అడ్డొస్తుందని ఒక్క క్షణం కూడా తట్టలేదు. నామెన్‌కీ తట్టలేదు. గీత చూసిన హారోకీ తట్టలేదు. కాలువ నీళ్ళు కదలవు కదా!

జానెడు. కాదు, జానెడు మీద ఇంకా కాస్త పెరిగాయి నీళ్ళు.

"నామెన్," అంది నెమ్మదిగా. "ఆ ఇల్లు వంతెన కింద పట్టదు."

నామెన్ కాఫీ కప్పు దించి నీళ్ళు చూశాడు, వంతెన చూశాడు, భార్యను చూశాడు. పై పెదవి మీద మీగడ మీసం. "వెళ్ళి చెప్పు."

"చెబుతా."

"ఎప్పుడు?"

"ఈ కేకు అయ్యాక."

అంత నెమ్మదిగా ఆమె జన్మలో ఎప్పుడూ కేకు తినలేదు. జామ్ పొర వేరుగా, మీగడ పొర వేరుగా తింది. హారో పొడుగాటి డచ్చి టోపీ పెట్టుకుని వంతెన కింద ఇరుక్కుపోయినట్టు, అవతల గట్టున సంత వీధివాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వినట్టు కళ్ళకి కట్టింది. ఆ ఊహ మీగడ కంటే బాగుంది. పళ్ళెంలో మిగిలిన పొడిని కూడా వేలితో అద్దుకుని తింది.

అప్పుడు హైన్‌కె అత్త కనిపించింది. నల్ల గౌనూ, తెల్ల గంజి కాలరూ వేసుకుని, కొట్టం వైపు కర్రతో టక్కుటక్కున నడుస్తోంది. ఆ గులాబీ గుర్తు ఆమె కత్తిరించింది. కళ్ళు సరిగ్గా కనబడక మూడుసార్లు కత్తిరించింది.

టెల్సె పళ్ళెం పక్కన పెట్టి లేచింది.

కొట్టం ముందు పడవ అప్పటికే నీళ్ళలోకి దిగింది. హారో నిచ్చెన మీద ఉన్నాడు, నెత్తిగోడ కొసన చివరి దీపం కడుతూ.

"హారో, నీళ్ళు పెరిగాయి. నా కొలత తప్పు."

"కాలువ నీళ్ళా?"

"కడియాలు మునిగాయి. వచ్చి చూడు. నెత్తిగోడ పైన రెండు మెట్లు కోసెయ్, వంతెన కింద పడుతుంది."

హారో నిచ్చెన మీంచి ఆమెను చూశాడు. జాలిగా చూశాడు, అది ఇంకా ఘోరం.

"టెల్సె, నీకు ఎక్కాలని ఉందని నాకు తెలుసు. వచ్చే ఏడాది ఏదైనా పెద్ద పడవ చూద్దాం. ఇవాళ నన్ను కంగారు పెట్టకు."

"ఎక్కడం గురించి కాదు నేను చెప్పేది!"

"కాలువ నీళ్ళు కదలవు. చిన్నపిల్లల్నడిగినా చెబుతారు."

చుక్కాని దగ్గర కూచున్న ఇమ్కె నోరు తెరిచింది. హారో ఆమె వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

టెల్సె తిరిగి వెళ్ళిపోయింది. చెంపలు మండిపోతున్నాయి. "చెప్పాను," అంది నామెన్‌తో. "ఇక నా తప్పు లేదు."

"సగం లేదు," అన్నాడు నామెన్. "కేకు తిన్నంతసేపు ఉంది."

*

ఊరేగింపు మొదలయ్యేసరికి ఆకాశం ఇంకా పూర్తిగా ఆరలేదు. మా వైపు వేసవిలో చీకటి రావడానికి మొహమాటపడుతుంది. టెల్సె, నామెన్ రాతి వంతెన మీదే, సరిగ్గా నడినెత్తిన, పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డారు. వేరే చోటికి పోదామని నామెన్ అన్నాడు. టెల్సె కదల్లేదు.

మొదట బాండు పడవ వచ్చింది. తరవాత తోట వీధివాళ్ళ నత్త, నిమ్మళంగా. ఆ వెనక, వంపు తిరిగి, కాగితపు ఇల్లు కనబడింది.

గట్టు రెండు వైపులా జనం ఒక్కసారి ఆఁ అన్నారు. ఇల్లు లోపలి నుంచి తేనె రంగులో వెలుగుతోంది. ఒక్క కాగితం కూడా ముడత పడలేదు. కింది దీపాల వరస నీళ్ళకి సరిగ్గా అంత పైన ఉంది. ఒక్కో దీపం రెండు దీపాలు. హారో అన్నది నిజమే. గుమ్మంలో హైన్‌కె అత్త రాణిలా కూచుంది. ముందు హారో, టోపీతో. వెనక ఇమ్కె, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని చుక్కాని పట్టుకుంది.

"ఓపిక పట్టు," అంది టెల్సె గొణుగుతూ. "ఇంకా తొయ్యకు." ఇమ్కె తొయ్యలేదు. పడవ ఆలస్యంగా, బుద్ధిగా తిరిగి వంతెన వంపు మధ్యకే వచ్చింది.

మధ్యకి రావడం వల్ల లాభం లేకపోయింది. హారో తల దాటింది, గడకర్రలు దాటాయి. నెత్తిగోడ కొస రాతికి తగిలి కరకరమంది. ఇల్లు వెనక్కి ఒరిగింది. హైన్‌కె అత్త కర్ర పైకెత్తి వంతెనను పొడిచింది, అది ఎదురుతిరిగిన ఆవైనట్టు.

బాండు ముందుకి వెళ్ళిపోయింది, వాయిస్తూనే. వెనక సంత వీధి పడవ వచ్చి ఆగింది. ఈ ఏడు హంస కాదు, ఓడ. దాని వెనక ఇంకో పడవ, ఇంకోటి. కాలవ నిండిపోయింది.

"హారో!" అని అరిచారు సంత వీధి పడవలోంచి. "ఆ ఇల్లు అద్దెకిస్తావా? చోటు బాగుంది, వంతెన కింద వాన పడదు!"

నవ్వులు గట్టు పొడవునా పాకాయి. లోరెంజన్ అన్నదమ్ములు గడలు గుచ్చి వెనక్కి లాగారు. రాలేదు. హారో రంపం తీశాడు. గులాబీకి ఇటు కొయ్యాలా అటు కొయ్యాలా తేల్చుకోలేక చెయ్యి గాల్లో ఆగింది.

"ఒరే, దాన్ని ముట్టుకున్నావంటే ఈ కర్రతో నీ టోపీ పగలగొడతాను," అంది హైన్‌కె అత్త.

"హారో గారూ," అంది ఇమ్కె వెనక నుంచి. "పడవ జానెడు కిందికి దిగితే సరిపోతుంది కదా?"

హారో రంపం దించాడు.

వంతెన కింద నుంచి పక్కకి వంగి తల నెమ్మదిగా పైకెత్తాడు. పిట్టగోడ మీంచి టెల్సె మొహం సరిగ్గా అతని పైనే ఉంది. ఇద్దరూ చూసుకున్నారు. అతని పెదవులు కదిలాయి కానీ ఆమె పేరు రాలేదు.

"ఎవరైనా..." అన్నాడు గట్టు వైపు తిరిగి. "కొంచెం... బరువున్నవాళ్ళు ఎవరైనా సాయం పడితే..."

గట్టు మీద సగం మంది తలలు పైకి తిరిగాయి, టెల్సె వైపు. కావాలని కాదు. తిరిగిపోయాయి, అంతే.

"నేనొస్తున్నా!" అని నామెన్ చెయ్యెత్తాడు. జనం ఘొల్లుమన్నారు. అతను అందుకే ఎత్తాడు. నవ్వు అతని మీదికి మళ్ళిన ఆ కాసేపట్లో టెల్సె కాలరు సర్దుకుని ఊపిరి తీసుకుంది.

వెళ్ళిపోవచ్చు. ఇల్లు దగ్గరే. కానీ కింద ఆ కాగితం వెలుగుతోంది, ఆమె బిగించిన కాగితం. కొలిచిందీ ఆమే. కేకు తిందీ ఆమే.

గట్టు మెట్లు దిగింది. జనం దారిచ్చారు. లోరెంజన్లు తాడు విసిరి పడవ వెనక భాగాన్ని మెట్ల దగ్గరికి లాగారు. హారో ముందు నుంచి, ఇంటి పక్కగా పాక్కుంటూ వచ్చి చెయ్యి చాచాడు.

టెల్సె ఆ చెయ్యి పట్టుకోలేదు. "కాటా తెచ్చావా?"

గట్టు మీద ఎవరో కిసుక్కుమన్నారు. హారో చెవులు ఎర్రబడ్డాయి. టోపీ తీశాడు. మావాళ్ళకి క్షమించమనడం కంటే పన్ను పీకించుకోవడం సులువు. అతనికి ఒక్కటే తోచింది.

"నా చోట్లో నువ్వు ఎక్కు. నేను దిగుతా," అని మెట్టు మీదికి కాలు వేశాడు.

అతని బరువు మెట్టు మీదికి మారగానే పడవ పైకి లేచింది. నెత్తిగోడ వంతెనకి కొట్టుకుని భయంకరంగా మూలిగింది.

"ఎక్కు! ఎక్కు!" అని పడవ మొత్తం కేకలు పెట్టింది. అందరికంటే గట్టిగా హైన్‌కె అత్త. "ఎక్కరా మొద్దూ! పరువు తరవాత చూసుకుందువు గాని!"

హారో ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు పడవలో పెట్టుకుని, అటూ ఇటూ కాకుండా చీలిపోతున్నాడు. టెల్సె అతని నడుం పట్టుకుని, బస్తా తోసినట్టు లోపలికి తోసి, వెనకే తనూ అడుగు పెట్టింది. పడవ దిగింది. గోడ మూలుగు ఆగింది.

"ఇంకా చాలదు," అంది టెల్సె పైకి చూసి. "ఇంకో నాలుగు వేళ్ళు." గట్టు వైపు తిరిగింది. "ఏం చూస్తున్నారు? పాడేవాళ్ళెవరు అక్కడ? సంత వీధి మంద్ర గొంతులు! మీలో తేలిగ్గా ఉన్నవాడు ఒక్కడూ లేడు. రండి!"

గట్టు మీది సంత వీధి గాయకులు మొహాలు చూసుకున్నారు. తరవాత ఒకడు బీరు గ్లాసు పక్కవాడికిచ్చి దిగాడు. వాడి వెనక ఇంకొకడు. రొట్టెల కొట్టాయన, ఆయన భార్య, నవ్వు ఆపుకోలేని చెల్లెలు. చివర నామెన్ కూడా ఎక్కాడు, ఎవరూ అడక్కపోయినా. పడవ దిగుతూ దిగుతూ వచ్చింది. కింది వరస దీపాల్లో మొదటిది నీళ్ళని తాకి చుయ్‌మంది. తరవాత రెండోది. హారో ప్రతి చుయ్‌కీ కళ్ళు మూసుకున్నాడు. వరసంతా ఆరిపోయింది.

గులాబీ రాతి నుంచి విడింది.

"టెల్సె గారూ," అంది ఇమ్కె, చుక్కాని మీంచి చెయ్యి తీసి పక్కకి జరిగి. "ఇంత మందితో ఇది నా మాట వినదండీ."

టెల్సె కూచుంది. కర్ర చేతికి తగిలింది, నున్నగా, చల్లగా. "గడలెయ్యండి. మెల్లగా."

వంతెన కిందికి వెళ్ళగానే అందరూ తలలు వంచారు. మాటలు ఆగిపోయాయి. కాగితపు వెలుగు రాతి వంపంతా పాకింది. సంత వీధి లావుపాటి గాయకుడు చెయ్యి పైకెత్తి రాతిని తాకాడు. ఇమ్కె అది చూసి, తనూ తాకింది.

అవతల సంత చౌకు. బల్లల వెనక నిలబడ్డ న్యాయనిర్ణేతలు కాగితాలు దించి చూశారు. పడవ నిండా డచ్చి బట్టలు వేసుకున్నవాళ్ళు కొందరు, ఆప్రాన్లతో కొందరు, ఒకడి చేతిలో సగం తిన్న చేప రొట్టె. అంచు దాకా మునిగిన పడవ మీద ఇల్లు మాత్రం నిటారుగా వెలుగుతోంది. గాయకులు ఊరుకోలేక పాట ఎత్తుకున్నారు. అది వాళ్ళ వీధి పాట. ఎవరూ పట్టించుకోలేదు.

పడవ అడుగున నీళ్ళు చేరాయి. హారో వంగి తన పొడుగాటి టోపీతో తోడడం మొదలుపెట్టాడు. తోడుతూ తోడుతూ టెల్సె కాళ్ళ దగ్గరి దాకా వచ్చాడు. ఎదురుగా చౌకు మెట్లు కనిపిస్తున్నాయి, పడవ ఆపడానికి వీలుగా. బహుమతికి మార్కులు వేసేది ఆ మెట్లు దాటాకే. మధ్యలో ఎక్కినవాళ్ళని అక్కడ దించేస్తే, పడవ మళ్ళీ తేలికవుతుంది. దీపాలు వెలిగించుకోవచ్చు.

హారో ఆ మెట్లు చూశాడు. ఆరిన దీపాలు చూశాడు. టెల్సె అతన్ని చూస్తోంది. చుక్కాని ఇంకా ఎటూ తొయ్యలేదు.

"ఆపమంటావా?" అంది.

మెట్లు దగ్గరికొచ్చాయి. హారో నిండిన టోపీని ఎత్తి కాలవలోకి కుమ్మరించాడు. మళ్ళీ వంగాడు.

"నువ్వు పోనీ," అన్నాడు. "నేను తోడుతుంటా."